నిలిపిన బండిలో కరెంటు తాగుతున్నదెవరు?



సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గంలోని తమ్ముడొకడు ఫోన్ చేసినప్పుడు, "కవిత్వం నాకు చేతకాదు, కథ అల్లడం రాదు, వైర్లు పట్టుకోవడం తప్ప వేరే విద్య లేదు" అన్నాను. "అదే రాయన్నా, మా పిల్లకాయలకు పనికొస్తుంది" అన్నాడు. కనుక వైర్ల సంగతే రాస్తున్నాను. పాత కారు రాత్రి నిలిపితే తెల్లారేసరికి బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది, ఎక్కడ దిగిపోతుందో ఎలా పట్టుకోవాలి అన్నదే విషయం. చిన్న విషయమే. కానీ మా ఇంట్లో ఒక రాత్రి అది చిన్నదిగా అనిపించలేదు.

ఆ రాత్రి

2018లో వానలు మొగం చాటేశాయి. వేరుశనక్కాయ చెట్టు చేనులోనే ఎండిపోయింది. ఆ మరుసటి ఎండాకాలం నేను సెలవులకు కళ్యాణదుర్గం వైపున్న మా ఊరికి పోయాను. మా చిన్నాయనకు ఒక పాత డీజిల్ అంబాసిడర్ ఉంది. అదే బాడుగకు తిప్పుతాడు, అదే ఇంటికి అన్నం పెడుతుంది.

రాత్రి రెండు గంటలప్పుడు పక్క వీధి నుంచి తలుపు తట్టారు. పురిటికి వచ్చిన ఆడబిడ్డకు నొప్పులు మొదలైనాయి. చిన్నాయన లుంగీ బిగించి బండెక్కి సెల్ఫ్ కొట్టినాడు. "టక్" మని ఒక్క శబ్దం, అంతే. మళ్లీ కొట్టినాడు, ఆ "టక్" కూడా రాలేదు. ఆ తల్లి మా చిన్నాయన మొగం వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరువలేను.

మా ఊరు వంక వైపు వాలుగా ఉండడం ఆనాటి అదృష్టం. ఎనిమిది మంది చేరి నూకితే, వాలులో రెండో గేరు వేసి క్లచ్ వదిలేసరికి ఇంజను అందుకుంది. డీజిల్ ఇంజను గాలిని నొక్కి పుట్టించిన వేడితోనే మండుతుంది, దానికి స్పార్కు అక్కరలేదు. పాత బండి కాబట్టి డీజిల్ పంపు కూడా ఇంజనుతోనే తిరుగుతుంది. అందుకే బ్యాటరీ లేకున్నా నడిచింది. ఆసుపత్రికి టైముకు చేరినాం. ఆ పుట్టిన పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడు.

తెల్లవారి చిన్నాయన మెట్ల మీద కూలబడి అన్న మాట ఇది: "ఏడాదిలో ఇది రెండో బ్యాటరీరా అబ్బీ. ఇప్పుడు మూడోది అంటున్నారు. మీ చిన్నమ్మ కమ్మలు కుదువ పెట్టాల్సిందే." బండి చూసిన మెకానిక్కు చెప్పింది ఒకటే: "బ్యాటరీ సచ్చిపోయింది సామీ, మార్చాల." ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ ఎందుకు చచ్చిందో ఎవరూ అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదే.

బ్యాటరీ అంటే చెరువు

మన అనంతపురం వాళ్లకు చెరువు సంగతి చెప్పనక్కరలేదు. బ్యాటరీని చెరువు అనుకోండి. ఇంజను తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ నింపే కరెంటు వంకలో వచ్చే నీళ్లు. సెల్ఫ్ మోటారు తూము ఎత్తినట్టు ఒక్కసారిగా లాగుతుంది, డీజిల్ బండిలో అది వందలాది ఆంపియర్లు. కట్టకు ఎక్కడో ఎలుక బొరియ పడిందనుకోండి, దాంట్లోంచి పోయేది సన్నని ధార. వంక పారుతున్నంత కాలం ఆ ధార ఎవరి కంటా పడదు. వంక ఎండినప్పుడే చెరువు ఖాళీ అయిందని తెలుస్తుంది.

ఇక ఆ చెరువు లోపలి సంగతి. సీసపు బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే తయారు చేశాడు. ఇన్నేళ్లయినా మూలసూత్రం మారలేదు. పాజిటివ్ పలక మీద సీసం పెరాక్సైడు, నెగటివ్ పలక మీద మెత్తని సీసం, నడుమ నీళ్లు కలిపిన గంధకికామ్లం. కరెంటు వాడుకునే కొద్దీ రెండు పలకలూ సీసం సల్ఫేటుగా మారుతుంటాయి, ఆమ్లం పలుచబడి నీరవుతుంటుంది. ఛార్జి చేస్తే ఇదంతా వెనక్కి తిరుగుతుంది. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరు గదులు వరుసగా కలిపితే 12.6 వోల్టులు. మనం పన్నెండు వోల్టుల బ్యాటరీ అని పిలిచేది దీన్నే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దిగిపోయిన బ్యాటరీని వెంటనే ఛార్జి చేస్తే ఆ సల్ఫేటు కరిగి తిరిగి పలక అవుతుంది. రోజుల తరబడి అట్లాగే వదిలేస్తే అది గట్టి పలుకులుగా పేరుకొని మళ్లీ కరగదు. ఆ మేరకు చెరువు పూడిపోయినట్టే. అంటే చిన్న లీకు బ్యాటరీని ఆ ఒక్క రాత్రికి ఖాళీ చేసి ఊరుకోదు, పదే పదే ఖాళీ చేసి చివరికి చంపుతుంది. అందుకే లీకు పట్టకుండా కొత్త బ్యాటరీ వేస్తే, కొన్నాళ్లకు అదీ పాత దాని దారే పడుతుంది.

కరువుకూ బ్యాటరీకీ చుట్టరికం

"ముందు సంవత్సరాల్లో ఈ తంటా ఎందుకు రాలేదు?" అని చిన్నాయనను అడిగితే "ఏమో, కాలం బాగలేదు" అన్నాడు. ఆ మాటలో ఆయన అనుకున్నదానికన్నా ఎక్కువ నిజం ఉంది.

లెక్క చూడండి. తర్వాత కొలిచినప్పుడు మా బండి నిలబడి ఉండగా లాగుతున్న కరెంటు 0.64 ఆంపియరు. ఇరవై నాలుగు గంటలకు 15.36 ఆంపియర్ గంటలు. బ్యాటరీ మీద రాసింది 75 ఆంపియర్ గంటలు. సగం ఖాళీ అయితే డీజిల్ ఇంజనును తిప్పడం కష్టమవుతుంది. 37న్నరను 15.36 చేత భాగిస్తే సుమారు రెండున్నర రోజులు. అంటే మూడో రోజుకు బండి కదలదు.

పంటలు పండిన ఏడాది పెండ్లిండ్లు, తిరునాళ్లు, ఆసుపత్రులు, సంతలు అంటూ బండి రోజూ తిరిగేది. ఒక గంటా రెండు గంటలు నడిస్తే రాత్రి పోయిన కరెంటు తిరిగి చేరేది. కరువు ఏడాది బాడుగలు లేవు, బండి వేపచెట్టు కింద మూడు నాలుగు రోజులు కదలకుండా నిలబడింది. లీకు పాతదే. దాన్ని బయట పెట్టింది కరువు. డబ్బులు లేని ఏడాదే బ్యాటరీ కొనవలసి రావడం దైవలీల కాదు, ఉత్త భాగహారం.

ముందు తప్పెవరిదో తేల్చాలి

ఉదయం బండి స్టార్టు కాకపోతే అనుమానించవలసినవి మూడు: బ్యాటరీ ఛార్జి నిలుపుకోవడం లేదేమో, ఆల్టర్నేటర్ నింపడం లేదేమో, నిలిపినప్పుడు ఎవరో తాగుతున్నారేమో. వీటిని వేరు చేయకుండా సామాను మార్చడం, జ్వరం చూడకుండా మందు మింగినట్టు.

మొదట కళ్లతో చూడండి. టర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో బూజు లాంటిది పట్టిందా? క్లాంపు చేత్తో తిప్పితే కదులుతోందా? బ్యాటరీ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ బోల్టు తుప్పు పట్టిందా? ఫ్యాన్ బెల్టు నడుమ బొటనవేలితో నొక్కితే మరీ లోపలికి పోతోందా? ఈ నాలుగూ సరిచేస్తేనే సగం బండ్లు బాగుపడతాయి. వీటికి పెట్టవలసిన ఖర్చు ఉప్పుకాగితం, స్పానరు.

రెండవది, బ్యాటరీకి పరీక్ష. బయట నిదానంగా పూర్తిగా ఛార్జి చేయించి, కొన్ని గంటలు ఊరికే ఉంచి మల్టీమీటరు పెట్టండి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.9కి దిగితే ఖాళీ. మూతలు తీసే రకమైతే హైడ్రోమీటరుతో ఆరు గదులూ చూడాలి. నిండు గదిలో ఆమ్లం సాంద్రత 1.250 నుంచి 1.280 మధ్య ఉంటుంది. మన వంటి వేడి ప్రాంతాలకు కొంచెం పలుచటి ఆమ్లం పోయడమూ కద్దు. ఆరు గదులూ ఇంచుమించు సమానంగా ఉండడం ముఖ్యం. ఐదు బాగుండి ఒకటి మాత్రం బాగా తక్కువ చూపిస్తే ఆ గది పోయినట్టే, ఆ బ్యాటరీకి నమస్కారం పెట్టవచ్చు.

ఇక పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. నిండా ఛార్జి చేసిన బ్యాటరీని, నెగటివ్ క్లాంపు విప్పి, రెండు మూడు రోజులు బండిలోనే ఉంచండి. తర్వాత తగిలించి సెల్ఫ్ కొట్టండి. హుషారుగా తిరిగితే బ్యాటరీ నిర్దోషి, తాగుతున్నది బండి. అప్పుడూ తిరగకపోతే దొంగ బ్యాటరీ లోపలే ఉన్నాడు. ల్యాబులో మనం ఒకదాన్ని మార్చి మిగిలినవి కదపకుండా చేసే ప్రయోగం ఇదే. ఊళ్లో చేస్తే ఎవరూ మార్కులు వేయరు, అంతే తేడా.

మూడవది, ఆల్టర్నేటర్. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెడితే 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా చూపాలి. 13కి తక్కువైతే నింపడం లేదని అర్థం. 15 దాటితే రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం.

మా చిన్నాయన బండిలో రెండో బ్యాటరీ ఛార్జి చేశాక 12.6 చూపింది. విప్పి ఉంచిన రెండు రోజుల తర్వాతా 12.5 ఉంది. ఇంజను నడిస్తే 13.9. అంటే చెరువు బాగుంది, వంకా బాగుంది. ఇక మిగిలింది బొరియ.

బొరియ వెతకడం

తాళం తీసి, తలుపులన్నీ వేసి, లైట్లన్నీ ఆర్పి, నెగటివ్ క్లాంపు విప్పండి. విప్పేటప్పుడు ముందు నెగటివే, బిగించేటప్పుడు చివర నెగటివే. స్పానరు బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు. బ్యాటరీ మీద హైడ్రోజన్ ఉండవచ్చు, బీడీలు, అగ్గిపుల్లలు దూరంగా ఉండాలి. బ్యాటరీ పాజిటివ్ ఎర్త్ అయిన చాలా పాత బండ్లలో మాత్రం ఎర్త్ వైపు ఏదో చూసుకొని ఆ వైపు ముందు విప్పాలి.

మీటరును పది ఆంపియర్ల రేంజిలో పెట్టి, ఎర్ర వైరును ఆ సాకెట్టులోకి మార్చి, మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ టర్మినల్‌కూ, రెండో కొన విప్పిన క్లాంపుకూ తగిలించండి. బండి తాగే కరెంటంతా ఇప్పుడు మీటరు గుండానే పోవాలి. ఈ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, హీటర్ ప్లగ్గులు వేయకూడదు. కొడితే మీటరులోని ఫ్యూజు పోతుంది, ఒక్కోసారి మీటరే పోతుంది. నేను మీటరు తెచ్చింది మన ల్యాబు నుంచి. అది చెడిపోయి ఉంటే ల్యాబు అసిస్టెంటుకు ఏం జవాబు చెప్పేవాడినో!

మీటరు లేనివాళ్లు ఐదు వాట్ల పన్నెండు వోల్టుల బల్బు అదే చోట పెట్టవచ్చు. పాత బండిలో అది వెలగకూడదు. మినుకుమినుకుమంటే కొంచెం లీకు, బాగా వెలిగితే పెద్ద లీకు.

ఎంత ఉండవచ్చు? గడియారం తప్ప ఏమీ లేని పాత బండిలో దాదాపు సున్నా ఉండాలి. పాటల పెట్టె జ్ఞాపకానికి కొన్ని మిల్లీఆంపియర్లు సరే. లోపలి ఐదు వాట్ల బల్బు ఒక్కటి ఆరకుండా వెలుగుతుంటే సుమారు 0.4 ఆంపియరు, రోజుకు పది ఆంపియర్ గంటలు. అందుకే తలుపు స్విచ్చును వేలితో నొక్కి చూడడం, డిక్కీ మూసినా లోపల లైటు ఆరిందో లేదో చూడడం మొదటి పని.

తర్వాత మీటరు చూస్తూ ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాలి. ఏ ఫ్యూజు పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ వీధిలో ఉన్నాడు. అయితే పాత అంబాసిడర్లలో ఫ్యూజులు రెండే, లైట్ల వైర్లకు ఫ్యూజే ఉండదు. కాబట్టి ఫ్యూజులతో తేలకపోతే వైర్లు కలిసే చోట ఒక్కొక్కటి విప్పి చూడక తప్పదు. విప్పే ముందు ఏ వైరు ఎక్కడిదో కాగితం మీద రాసుకోండి. ప్రతి కలయికకు ముందు బ్యాటరీ నుంచి మీటరు కొన తీసేయండి.

ఫ్యూజు బాక్సుకే రాని వైర్లు మూడు చోట్ల ఉంటాయి: సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ లేక డైనమో, తర్వాత ఎవరో బయట తగిలించినవి. ఈ మూడో జాతి మన దగ్గర ఎక్కువ. హారన్లు, డిజైను లైట్లు, పాటల పెట్టెలు అన్నీ నేరుగా బ్యాటరీ మీదికే!

మా బండిలో దొరికినవి

మొదట మీటరు 0.64 చూపింది. ఫ్యూజులు రెండూ పీకినా కదలలేదు. బ్యాటరీ పాజిటివ్ మీద ఒక సన్నని ఎర్ర వైరు కనిపించింది. పెండ్లి బాడుగల కోసం ఎవరి చేతనో పెట్టించిన పాటల పెట్టె ఆంప్లిఫయరు అది. తాళంతో సంబంధం లేకుండా రాత్రింబవళ్లు మేలుకునే ఉంది. ఆ వైరు తీస్తే 0.40కి దిగింది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, దొంగ దొరికాడు కదా అని. కానీ 0.40 ఇంకా రోజుకు దాదాపు పది ఆంపియర్ గంటలు. నాలుగు రోజులకు మళ్లీ మొదటికొచ్చేది. మీటరు తీసేసి ఆల్టర్నేటర్ వెనక లావు వైరు విప్పి, కొనకు టేపు చుట్టి, మీటరు మళ్లీ పెట్టాం. 0.01. రెండో దొంగ అక్కడున్నాడు.

ఆల్టర్నేటర్‌లో పుట్టేది ఏసీ కరెంటు. దాన్ని డీసీగా మార్చి బ్యాటరీకి పంపేవి డయోడ్లు. నీళ్లు ముందుకే పోనిచ్చి వెనక్కి రానివ్వని కవాటం లాంటివి అవి. వాటిలో ఒకటి వయసుమీద పడి, ఇంజను వేడికి చెడి, వెనక్కి కొంచెం కొంచెం వదులుతోంది. ఆ కరెంటు లోపలి ఫీల్డు చుట్ట గుండా నేలకు చేరుతోంది. డయోడు పూర్తిగా పోలేదు గనుక ఇంజను నడిచేటప్పుడు 13.9 వోల్టులు వస్తూనే ఉన్నాయి. ఆల్టర్నేటర్ బాగుందని మెకానిక్కు అన్నదీ, నేను మొదట అనుకున్నదీ అందుకే. నింపేవాడే రాత్రిపూట తాగుతాడని ఎవరనుకుంటారు?

డైనమో ఉన్న ఇంకా పాత బండ్లలో డయోడ్లకు బదులు కటౌట్ ఉంటుంది. దాని కాంటాక్టులు కాలి అతుక్కుపోతే ఇంజను ఆగినా విడిపోవు. బ్యాటరీ డైనమోను మోటారులా తిప్పాలని చూస్తుంది. అక్కడ పోయేది సన్నని ధార కాదు, గండి. గంటల్లోనే బ్యాటరీ ఖాళీ అవుతుంది, వైర్లు కాలే ప్రమాదమూ ఉంది.

అనంతపురంలో వైండింగు పనివాడి దగ్గర డయోడ్ల ప్లేటు మార్పించాం. ఆంప్లిఫయరు వైరును తాళం వేస్తేనే కరెంటు వచ్చే చోటికి మార్చి, నడుమ ఒక ఫ్యూజు పెట్టాం. అయిన ఖర్చు కొత్త బ్యాటరీ ధరలో ఆరో వంతు కూడా లేదు. చిన్నమ్మ కమ్మలు చెవులకే ఉన్నాయి. ఆ రెండో బ్యాటరీ తర్వాత మూడేళ్లకు పైగా పనిచేసింది.

మన ఎండ, మన దుమ్ము, మన నీళ్లు

మన ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువులు మూడు.

ఎండ: పది డిగ్రీలు వేడి పెరిగితే రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుందని ఇంటరులోనే చదువుకున్నాం. నలభై దాటే మన ఎండల్లో బానెట్ కింద నిలబడిన బ్యాటరీ, ఏ వైరూ లేకపోయినా, తనంతట తాను త్వరగా దిగుతుంది. లోపలి నీరూ త్వరగా ఆవిరైపోతుంది. బండిని నీడన నిలపడం సోకు కాదు, పొదుపు.

దుమ్ము: బ్యాటరీ మూత మీద చేరిన దుమ్ముకు ఆమ్లపు తడి తోడైతే అదే ఒక వైరు. మీటరు నల్ల కొన నెగటివ్ మీద పెట్టి, ఎర్ర కొనతో మూత పైన తాకి చూడండి. వోల్టులు చూపిస్తే అక్కడ కరెంటు పాకుతున్నట్టు. పోయేది కొంచెమే, కానీ ఎప్పుడూ పోతూనే ఉంటుంది. గదుల మూతలు గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక టర్మినళ్లకు వాజలైన్ రాయాలి. సోడా నీళ్లు చుక్క కూడా లోపలికి పోకూడదు.

నీళ్లు: మా ఊళ్లో బ్యాటరీకి బోరు నీళ్లు పోయడం నేను కళ్లారా చూశాను. ఫ్లోరైడు, ఉప్పులు కలిసిన మన బోరు నీళ్లు మనుషుల ఎముకలకే మంచివి కావు. బ్యాటరీలో పోస్తే క్లోరైడు పాజిటివ్ పలకలను తింటుంది, ఇనుము ఉంటే బ్యాటరీ తనంతట తాను దిగడం ఎక్కువవుతుంది. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది పోయరాదు. పలకలు మునిగి కొంచెం పైకి ఉంటే చాలు. యాసిడ్ మాత్రం ఎన్నడూ కలపకూడదు, ఆవిరైపోయేది నీరే గాని ఆమ్లం కాదు.

కొత్త బండ్ల సంగతి

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2019 నుంచి మన పెనుకొండ దగ్గరే కియా కార్లు తయారై బయటికి వస్తున్నాయి. ఈ తరం బండ్లలో చిన్న చిన్న కంప్యూటర్లు ఉంటాయి, అవి తాళం తీయగానే నిద్రపోవు. మీటరు తగిలించి అరగంటో గంటో ఆగిన తర్వాత చూపే అంకెనే నమ్మాలి. అప్పుడు ఇరవై నుంచి యాభై మిల్లీఆంపియర్ల దాకా మామూలే. ఫ్యూజు పీకితే ఆ కంప్యూటరు మేలుకొని లెక్క తప్పిస్తుంది. కాబట్టి పీకకుండా, ఫ్యూజు రెండు కొనల మధ్య మిల్లీవోల్టులు చూడాలి. కరెంటు పోతున్న ఫ్యూజు మీద కొంచెమైనా వోల్టేజి పడుతుంది, పోని దాని మీద సున్నా. బ్యాటరీ విప్పవలసి వస్తే బండి పుస్తకం ఒకసారి చదివి విప్పండి. పద్ధతి మాత్రం అదే: చెరువు, వంక, బొరియ.

చివరగా ఒక మాట. ఓమ్ సూత్రం, కిర్కాఫ్ సూత్రం మనం మార్కుల కోసం చదువుతాం, పరీక్ష హాలు బయట వదిలేస్తాం. వచ్చిన కరెంటు ఎంతో పోయిన కరెంటూ అంతే అన్న కిర్కాఫ్ మాటను నమ్ముకొనే ఆ రోజు మేము 0.64లో నుంచి 0.24, 0.39 తీసేసి, మిగిలిన 0.01 దగ్గర ఆగాం. లెక్క కుదిరేదాకా వెతకడం ఆపకపోవడమే ఆ పనిలోని విద్యంతా.

సెలవులకు ఊరికి పోయేటప్పుడు ఒక మల్టీమీటరు సంచిలో వేసుకొని పోండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఊళ్లో వేపచెట్టు కింద ఏదో ఒక బండి నిలబడే ఉంటుంది. దాని యజమాని మూడో బ్యాటరీకి అప్పు చేయబోతూ ఉండవచ్చు. ఆ బండిని నమ్ముకొని పక్క వీధిలో ఒక ఆడబిడ్డ ఉండవచ్చు.